ఫ్రెడరిక్ విన్స్‌లో టేలర్

ఫ్రెడరిక్ విన్స్‌లో టేలర్ (మార్చి 20, 1856 - మార్చి 21, 1915) అమెరికాకు చెందిన యాంత్రిక ఇంజనీరు, పారిశ్రామిక సలహాదారు మరియు గ్రంథకర్త. శాస్త్రీయ నిర్వహణకు పితామహుడిగా ఇతడు ప్రసిద్ధుడు. కర్మాగారంలో జరిగే ప్రతి పనినీ చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి పట్టే కాలాన్ని కొలిచి, అన్నిటికంటె మేలైన పద్ధతిని కనిపెట్టి, దానిని కార్మికునికి నేర్పాలన్నది ఇతని సిద్ధాంతం.

టేలర్ పేరు చెప్పగానే చాలామందికి స్టాప్‌వాచి గుర్తుకు వస్తుంది. అయితే అతని కృషిలో అంతగా ప్రచారం పొందని మరొక పార్శ్వం ఉన్నది. కార్మికునికి పని నేర్పడం యజమాని దయాగుణానికి సంబంధించిన విషయం కాదనీ, దానికయ్యే ఖర్చు లాభంతో సహా తిరిగి వస్తుందనీ అతడు జమాఖర్చుల లెక్కలతో నిరూపించడానికి పూనుకున్నాడు. శిక్షణకు ముందు ఎంత ఉత్పత్తి, తరువాత ఎంత, టన్నుకు ఎంత ఖర్చు, కూలి ఎంత పెరిగింది అనే ప్రశ్నలకు అంకెలలో సమాధానం చెప్పిన తొలితరం ఇంజనీర్లలో ఇతడు ముఖ్యుడు. ఆ లెక్కలు ఎంతవరకు నమ్మదగినవి, వచ్చిన లాభంలో కార్మికునికి దక్కినదెంత అనే విషయాలపై వివాదం అతని జీవితకాలంలోనే మొదలయింది.

బాల్యము, విద్య

టేలర్ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన జర్మన్‌టౌన్‌లో, సంపన్నమైన క్వేకరు కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఫ్రాంక్లిన్ టేలర్ ప్రిన్స్‌టన్‌లో చదివిన న్యాయవాది. తల్లి ఎమిలీ ఆనెట్ విన్స్‌లో బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో పాల్గొన్న వనిత. చిన్నతనంలో తల్లి వద్దనే చదువుకున్న టేలర్, తరువాత కుటుంబంతో కలిసి ఐరోపా దేశాలలో పర్యటించాడు. 1872లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీలో చేరాడు.

తండ్రివలె న్యాయశాస్త్రం చదవాలన్న ఉద్దేశంతో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడయ్యాడు. కాని కంటిచూపు దెబ్బతినడం వలన ఆ చదువు మానుకోవలసివచ్చింది. 1874లో ఫిలడెల్ఫియాలోని ఎంటర్‌ప్రైజ్ హైడ్రాలిక్ వర్క్స్ అనే సంస్థలో అప్రెంటిస్‌గా చేరి, నాలుగేళ్ళపాటు పోతపని నమూనాలు తయారుచేయడం, యంత్రాలపై పనిచేయడం నేర్చుకున్నాడు. ధనిక కుటుంబంలో పుట్టి, కార్మికుల నడుమ పని నేర్చుకున్న ఈ అనుభవం అతని భావి జీవితానికి పునాది అయింది. ఆ రోజులలో పని నేర్చుకోవడమంటే పక్కవాడు చేస్తుండగా చూసి, అనుకరించి, తప్పులు చేస్తూ అలవాటు చేసుకోవడమే. ఏ పని ఎలా చేయాలో వ్రాసిపెట్టిన కాగితం ఎక్కడా ఉండేది కాదు.

మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారం

1878లో టేలర్ ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ స్టీల్ వర్క్స్‌లో సాధారణ కూలీగా చేరాడు. అనతికాలంలోనే గుమాస్తా, యంత్రకారుడు, ముఠా నాయకుడు, ఫోర్‌మన్ పదవులను దాటి ప్రధాన ఇంజనీరు స్థాయికి చేరుకున్నాడు. ఉద్యోగం చేస్తూనే చదివి, 1883లో స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి మెకానికల్ ఇంజనీరింగు పట్టా పొందాడు.

ముఠా నాయకుడైన కొత్తలో లేతు యంత్రాల వద్ద ఉత్పత్తి పెంచాలని ప్రయత్నించి కార్మికులతో దాదాపు మూడేళ్ళు తగవు పడ్డాడు. కార్మికులు కావాలనే నెమ్మదిగా పనిచేస్తున్నారని అతనికి తెలుసు. దానికి కారణం కూడా తెలుసు. పీసు రేటు పద్ధతిలో ఎవరైనా ఎక్కువ పని చేసి ఎక్కువ సంపాదిస్తే యజమాని వెంటనే రేటు తగ్గించేవాడు. కాబట్టి నెమ్మదిగా పనిచేయడమే కార్మికునికి క్షేమం. ఈ తగవుకు మూలం ఒక రోజులో న్యాయంగా ఎంత పని చేయవచ్చునో యజమానికి గాని, కార్మికునికి గాని తెలియకపోవడమేనని టేలర్ నిర్ధారణకు వచ్చాడు.

ఈ అజ్ఞానాన్ని తొలగించడానికి అతడు రెండు మార్గాలు ఎంచుకున్నాడు. మొదటిది, పనిని భాగాలుగా విడదీసి కాలాన్ని కొలవడం. రెండవది, లోహాలను కోసే విధానంపై ప్రయోగాలు చేయడం. 1880లో మొదలైన ఈ ప్రయోగాలు వేర్వేరు కర్మాగారాలలో 26 ఏళ్ళపాటు సాగాయి. 30,000 నుండి 50,000 వరకు ప్రయోగాలు జరిగాయనీ, 8 లక్షల పౌండ్లకు పైగా ఇనుము, ఉక్కు రజనుగా మారాయనీ, ఒకటిన్నర లక్ష నుండి రెండు లక్షల డాలర్ల వరకు ఖర్చయిందనీ టేలర్ తెలిపాడు. లేతు ఏ వేగంతో తిరగాలి, పనిముట్టు ఎంత లోతుకు కోయాలి అనే చిన్న ప్రశ్న 12 అంశాలపై ఆధారపడి ఉంటుందని వీటి వలన తేలింది. ఎంత నిపుణుడైన పనివాడైనా ఈ లెక్కను అంచనాతో కట్టలేడు. టేలర్ సహచరుడు కార్ల్ బార్త్ దీనికోసం ప్రత్యేకమైన స్లైడ్ రూలు రూపొందించాడు. దాని సహాయంతో ఎన్నో ఏళ్ళ అనుభవం అవసరమైన నిర్ణయాన్ని నిమిషంలోపే తీసుకోగలిగేవారు.

సలహాదారు వృత్తి

1890లో మిడ్‌వేల్‌ను వదలిన టేలర్, కాగితపు మిల్లులు నడిపే మాన్యుఫాక్చరింగ్ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీకి జనరల్ మేనేజరుగా మూడేళ్ళు పనిచేశాడు. 1893లో ఫిలడెల్ఫియాలో స్వతంత్ర సలహాదారుగా వృత్తి ప్రారంభించాడు. నిర్వహణ విషయాలపై సలహా ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్న తొలి ఇంజనీర్లలో ఇతడు ఒకడు. 1895లో అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘం ఎదుట పీసు రేటు పద్ధతిపై తన వ్యాసాన్ని సమర్పించాడు.

ఈ కాలంలో అతడు పనిచేసిన సంస్థలలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫిచ్‌బర్గ్‌లో ఉన్న సైమండ్స్ రోలింగ్ మెషీన్ కంపెనీ ఒకటి. అక్కడ సైకిళ్ళలో వాడే చిన్న ఉక్కు గుండ్లను తనిఖీ చేసే పనిలో 120 మంది యువతులు ఉండేవారు. గుండ్లను వేళ్ళ మధ్య దొర్లిస్తూ, గీతలు, పగుళ్ళు ఉన్నవాటిని ఏరివేయడం వారి పని. రోజుకు పదిన్నర గంటలు పనిచేసేవారు. టేలర్ పద్ధతిలో పనిగంటలను క్రమంగా ఎనిమిదిన్నరకు తగ్గించారు, మధ్యమధ్య విశ్రాంతి సమయాన్ని ఏర్పాటు చేశారు, చూపు చురుకుగా ఉన్నవారిని ఎంపిక చేశారు, ప్రతి గంటకూ ఎవరు ఎంత చేస్తున్నారో తెలియజేశారు, వెనుకబడిన వారి వద్దకు నేర్పేవారిని పంపారు.

ఇక్కడ టేలర్ తీసుకున్న ఒక జాగ్రత్త గమనించదగినది. వేగం పెరిగితే నాణ్యత పడిపోతుందన్న సందేహానికి సమాధానంగా, మంచివీ చెడ్డవీ ఎన్ని ఉన్నాయో ముందే లెక్కపెట్టిన గుండ్లను ఎవరికీ తెలియకుండా పరీక్షకు పంపేవారు. తనిఖీ చేసేవారిని తనిఖీ చేసే వారికి కూడా ఈ పరీక్ష తప్పేది కాదు. చివరకు 120 మంది చేసే పనిని 35 మంది చేయగలిగారనీ, తనిఖీలో ఖచ్చితత్వం మూడింట రెండు వంతులు పెరిగిందనీ, వేతనం 80 నుండి 100 శాతం వరకు హెచ్చిందనీ టేలర్ వ్రాశాడు. మిగిలిన 85 మంది పని ఏమయిందన్న ప్రశ్న మాత్రం ఈ లెక్కలో కనిపించదు.

బెత్లెహేమ్ ప్రయోగాలు

1898లో టేలర్ బెత్లెహేమ్ ఉక్కు కంపెనీలో సలహాదారుగా చేరాడు. అక్కడ మాన్సెల్ వైట్‌తో కలిసి, ఎర్రగా కాలినా పదును కోల్పోని పనిముట్ల ఉక్కును తయారుచేసే విధానాన్ని కనిపెట్టాడు. 1900 పారిస్ ప్రదర్శనలో దీనికి బంగారు పతకం లభించింది. అయితే ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చినవి కర్మాగారం పెరటిలో కూలీలతో చేసిన రెండు ప్రయోగాలు.

దుక్క ఇనుము మోత: ఒక్కొక్కటి 92 పౌండ్ల బరువుండే దుక్క ఇనుప దిమ్మెలను రైలు పెట్టెలలోకి మోసే ముఠాలో 75 మంది ఉండేవారు. ఒక్కొక్కరు రోజుకు సగటున పన్నెండున్నర టన్నులు మోసేవారు. సరిగా ఎంపిక చేసి, ఎప్పుడు మోయాలో ఎప్పుడు కూర్చోవాలో చెబుతూ పని చేయిస్తే 47 టన్నులకు పైగా మోయవచ్చునని టేలర్ బృందం లెక్క కట్టింది. అంత బరువు మోసే మనిషి దినంలో 43 శాతం కాలం మాత్రమే బరువుతో ఉండాలనీ, మిగిలిన 57 శాతం కాలం చేతులు ఖాళీగా ఉండాలనీ వారు తేల్చారు. టేలర్ తన గ్రంథంలో ష్మిట్ అని పేరు మార్చి చెప్పిన కార్మికుడు హెన్రీ నోల్. ఇతడు రోజుకు 1.15 డాలర్లకు బదులు 1.85 డాలర్ల కూలికి ఆ పరిమాణంలో ఇనుము మోశాడని టేలర్ వ్రాశాడు.

పార పని: సుమారు రెండు మైళ్ళ పొడవు, పావు మైలు వెడల్పు ఉన్న పెరటిలో 400 నుండి 600 మంది కూలీలు బొగ్గు, ముడి ఇనుము వంటి సరుకును పారలతో ఎత్తిపోసేవారు. ఎవరి పార వారే తెచ్చుకునేవారు. ఒకే పారతో సన్నబొగ్గు ఎత్తితే మూడున్నర పౌండ్లు, బరువైన ముడి ఇనుము ఎత్తితే 38 పౌండ్లు వచ్చేవి. పార లోడు సుమారు 21 పౌండ్లు ఉన్నప్పుడు రోజు మొత్తం మీద అత్యధిక పని జరుగుతుందని ప్రయోగంలో తేలింది. అందువలన కంపెనీయే పనిముట్ల గదిని ఏర్పాటు చేసి, తేలిక సరుకుకు పెద్ద పార, బరువు సరుకుకు చిన్న పార ఇచ్చింది.

ప్రతిరోజూ ఉదయం కూలీకి రెండు కాగితాలు అందేవి. ఒకదానిలో ఆ రోజు ఎక్కడ, ఏ పనిముట్టుతో పనిచేయాలో ఉండేది. రెండవదానిలో నిన్న చేసిన పని, సంపాదించిన కూలి ఉండేవి. పని తగ్గినవారికి పసుపుపచ్చ కాగితం వచ్చేది. కూలీలలో చాలామందికి చదవడం రాకపోయినా రంగు చూడగానే విషయం అర్థమయ్యేది. పసుపుపచ్చ కాగితం వచ్చినవాడిని వెంటనే తొలగించకుండా, నేర్పేవాడిని పంపి, పార పట్టే తీరు దగ్గర నుండి చూపించేవారు. అప్పటికీ ఆ పనికి సరిపోకపోతే వేరే పనికి మార్చేవారు.

ఖర్చు, ఫలితాల లెక్క

పార పని విషయంలో పాత పద్ధతి, కొత్త పద్ధతి నడుమ తేడాను టేలర్ ఈ క్రింది విధంగా చూపాడు. ఇక్కడ టన్ను అంటే 2,240 పౌండ్లు.

- పెరటి కూలీల సంఖ్య: 400-600 నుండి సుమారు 140కి తగ్గినది.
- ఒక్కొక్కరు రోజుకు ఎత్తిన సరుకు: 16 టన్నుల నుండి 59 టన్నులకు పెరిగినది.
- ఒక్కొక్కరి సగటు దినకూలి: 1.15 డాలర్ల నుండి 1.88 డాలర్లకు పెరిగినది.
- టన్నుకు అయిన ఖర్చు: 7.2 సెంట్ల నుండి 3.3 సెంట్లకు తగ్గినది.

ఆ సంవత్సరంలో కంపెనీకి మిగిలినది 36,417.69 డాలర్లనీ, తరువాతి ఆరు నెలలలో మిగులు ఏడాదికి 75,000 - 80,000 డాలర్ల చొప్పున ఉన్నదనీ అతడు పేర్కొన్నాడు.

ఈ పట్టికలో అన్నిటికంటె ముఖ్యమైన అంశం చివరి వరుస. టన్నుకు 3.3 సెంట్ల ఖర్చులో కూలీల వేతనంతో పాటు పర్యవేక్షకులు, గుమాస్తాలు, కాలం కొలిచేవారి జీతాలు, పనిముట్ల గది, కార్యాలయం ఖర్చులు కూడా కలిసి ఉన్నాయని టేలర్ స్పష్టం చేశాడు. నేర్పడానికయ్యే ఖర్చును పక్కన పెట్టి లాభాన్ని మాత్రమే చూపితే అది నిరూపణ కాదని అతనికి తెలుసు. నేర్పేవారి జీతాలు దండగ ఖర్చు అని వాదించే కంపెనీ అధికారులకు ఇదే అతని సమాధానం.

అయితే ఇవే అంకెలను మరొక విధంగా పరిశీలించవచ్చు. 1.88 డాలర్లను 59 టన్నులకు భాగిస్తే కూలి ఒక్కటే టన్నుకు సుమారు 3.2 సెంట్లు అవుతుంది. అంటే మిగిలిన ఖర్చులన్నిటికీ టన్నుకు ఒక సెంటులో పదో వంతు మాత్రమే మిగులుతుంది. అంత పెద్ద ఏర్పాటుకు ఈ మొత్తం చాలా స్వల్పం. సగటులను వేర్వేరు విధాలుగా లెక్కించి ఉండవచ్చు. కాని ప్రకటించిన పట్టికను బట్టి మాత్రమే శిక్షణ వ్యయాన్ని విడిగా తేల్చడం సాధ్యం కాదు. పాత ఖర్చు పక్కన కొత్త ఖర్చును పెట్టి చూపడం టేలర్ గొప్పదనం కాగా, ఆ ఖర్చు వివరాలను విడదీసి చూపకపోవడం ఆ లెక్కలోని లోపం.

శిక్షణ విధానం

టేలర్ పద్ధతిలో శిక్షణ తరగతి గదిలో కాక పని జరిగే చోటనే సాగేది. దీనికి మూడు ఆధారాలు ఉన్నాయి.

సూచనల కార్డు: ప్రతి పనికీ చేయవలసిన క్రమం, వాడవలసిన పనిముట్టు, యంత్రవేగం, పట్టవలసిన కాలం వ్రాసిన కార్డును ముందుగానే తయారుచేసేవారు. దీనివలన పని రహస్యం అనుభవజ్ఞుడి మనసులో కాక కాగితంపై ఉండేది.

విధుల వారీ ఫోర్‌మన్లు: ఒకే ఫోర్‌మన్ అన్ని విషయాలలో నిపుణుడు కాలేడని భావించి టేలర్ ఆ బాధ్యతను ఎనిమిది మందికి పంచాడు. ప్రణాళిక గదిలో నలుగురు పని క్రమాన్ని, సూచనల కార్డులను, కాలము-ఖర్చుల లెక్కను, క్రమశిక్షణను చూసుకునేవారు. పని స్థలంలో మరో నలుగురు ముఠా ఏర్పాట్లను, యంత్రవేగాన్ని, నాణ్యతను, మరమ్మతులను చూసుకునేవారు. అజమాయిషీ చేయడం కన్నా నేర్పడమే వీరి ముఖ్యమైన పని.

నేర్పినవారికి ప్రతిఫలం: బెత్లెహేమ్‌లో టేలర్ సహచరుడు హెన్రీ గాంట్ నిర్ణీత పనిని పూర్తిచేసిన కార్మికునికి బోనసు ఇచ్చే పద్ధతి ప్రవేశపెట్టాడు. బోనసు సంపాదించిన ప్రతి కార్మికునికీ కొంత మొత్తం చొప్పున ఫోర్‌మన్‌కు కూడా ముట్టేది. తన క్రింద ఉన్నవారందరూ బోనసు పొందితే ఆ మొత్తం ఇంకా పెరిగేది. దీని వలన అంతవరకు చురుకైన వారినే చేరదీసిన ఫోర్‌మన్, వెనుకబడిన వారికి నేర్పడంపై శ్రద్ధ చూపవలసివచ్చింది. గాంట్ 1908లో కార్మికుల శిక్షణపై ప్రత్యేకంగా ఒక వ్యాసం సమర్పించాడు.

గ్రంథాలు, ప్రఖ్యాతి

బెత్లెహేమ్ అధికారులతో విభేదాల వలన 1901లో టేలర్ ఆ కంపెనీని వదలవలసివచ్చింది. ఆ తరువాత ప్రతిఫలం తీసుకోకుండా తన పద్ధతిని ప్రచారం చేస్తూ గడిపాడు. ఫిలడెల్ఫియాలోని టాబర్ మాన్యుఫాక్చరింగ్, లింక్-బెల్ట్ కంపెనీలు అతని పద్ధతికి ప్రదర్శనశాలలయ్యాయి. 1903లో షాప్ మేనేజ్‌మెంట్ వెలువడింది. 1906లో అమెరికా యాంత్రిక ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడై, లోహాలను కోసే కళపై తన పరిశోధనను సమర్పించాడు. అదే సంవత్సరం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1910లో తూర్పు ప్రాంతపు రైల్వే కంపెనీలు సరుకు రవాణా చార్జీలు పెంచాలని కోరినప్పుడు, వాటిని వ్యతిరేకించిన న్యాయవాది లూయిస్ బ్రాండీస్, టేలర్ పద్ధతులు అవలంబిస్తే చార్జీలు పెంచనక్కరలేదని వాదించాడు. రైల్వేలు రోజుకు పది లక్షల డాలర్లు ఆదా చేయవచ్చునని ఇంజనీరు హారింగ్టన్ ఎమర్సన్ సాక్ష్యం చెప్పాడు. దీనితో శాస్త్రీయ నిర్వహణ అనే మాట పత్రికలకెక్కి ఇంటింటా వినిపించింది. మరుసటి సంవత్సరం, 1911లో, ది ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్ (శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు) అనే గ్రంథం ప్రచురితమైంది. ఇందులో నిర్వాహకుని విధులను నాలుగు సూత్రాలుగా చెప్పాడు.

1. ఊహాగానం, అలవాటుల స్థానంలో ప్రతి పనికీ శాస్త్రాన్ని రూపొందించడం.
2. కార్మికుని శాస్త్రీయంగా ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, అభివృద్ధి చేయడం.
3. పని శాస్త్రానుసారంగా జరిగేటట్లు కార్మికులతో మనస్ఫూర్తిగా సహకరించడం.
4. పనిని, బాధ్యతను యాజమాన్యం, కార్మికుల నడుమ దాదాపు సమానంగా విభజించడం.

రెండవ సూత్రం ఆనాటికి కొత్తది. అంతకుముందు తనకు తానే పని నేర్చుకోవడం కార్మికుని బాధ్యత. టేలర్ దానిని యాజమాన్యం విధిగా మార్చాడు.

కార్మికుల వ్యతిరేకత

1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో పోతపని కార్మికులు స్టాప్‌వాచితో తమ పనిని కొలవడాన్ని నిరసిస్తూ పని మానివేశారు. దీనిపై అమెరికా ప్రతినిధుల సభ విలియం విల్సన్ అధ్యక్షతన ప్రత్యేక సంఘాన్ని నియమించింది. 1912 జనవరిలో టేలర్ ఈ సంఘం ఎదుట పలు రోజులు సాక్ష్యమిచ్చాడు. స్టాప్‌వాచి, బోనసు వంటివి పనిముట్లు మాత్రమేననీ, రెండు పక్షాలూ పంపకంపై పోట్లాడుకోవడం మాని, పంచుకోవలసిన దానిని కలిసి పెంచాలన్న మనోభావమే తన పద్ధతికి ప్రాణమనీ వివరించాడు. అయినా వ్యతిరేకత తగ్గలేదు. 1915 నుండి ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలలో స్టాప్‌వాచి కొలతలకు, బోనసులకు నిధులు వాడరాదని కేటాయింపు చట్టాలలో షరతు చేర్చారు.

విమర్శలు

టేలర్ నిరూపణపై వచ్చిన ముఖ్యమైన విమర్శలు ఇవి.

మొదటిది, ఫలితానికి కారణం శిక్షణ ఒక్కటే కాదు. బెత్లెహేమ్‌లో మనుషుల ఎంపిక, పనిముట్ల మార్పు, కూలి పెంపు, రోజువారీ లెక్క, శిక్షణ అన్నీ ఒకేసారి జరిగాయి. దుక్క ఇనుము మోసే వారిలో ఎనిమిది మందికి ఒక్కడే ఆ స్థాయిలో మోయగలడని టేలరే ఒప్పుకున్నాడు. అటువంటప్పుడు పెరిగిన ఉత్పత్తిలో బలాఢ్యుని ఎంపిక వాటా ఎంత, నేర్పడం వాటా ఎంత అనేది తేలదు.

రెండవది, దుక్క ఇనుము వృత్తాంతంలోని వివరాలు. టేలర్ ఈ కథను వేర్వేరు సందర్భాలలో వేర్వేరుగా చెప్పాడని, అందులో కల్పన కలిసిందని బెత్లెహేమ్ నాటి పత్రాలను పరిశీలించిన పరిశోధకులు 1974లో చూపారు.

మూడవది, లాభాల పంపకం. పార పనిలో ఉత్పత్తి మూడున్నర రెట్లకు పైగా పెరగగా, కూలి పెరిగినది సుమారు 63 శాతం. మిగులును వినియోగదారులకు తక్కువ ధరల రూపంలో అందించాలని టేలర్ వాదించాడు. కార్మిక సంఘాలు దీనిని అంగీకరించలేదు.

నాలుగవది, నేర్పిన విద్య పరిధి. ఆలోచన ప్రణాళిక గదికి, కదలిక కార్మికునికి పరిమితం కావడంతో, అతడు ఒక చిన్న పనిలో నేర్పరి అయినా వృత్తి మొత్తంపై పట్టు కోల్పోయాడని విమర్శకులు అన్నారు. 1915లో రాబర్ట్ హాక్సీ అనేక కర్మాగారాలను పరిశీలించి వెలువరించిన నివేదిక, టేలర్ చెప్పిన దానికీ అతని పేరుతో జరుగుతున్న దానికీ చాలా అంతరం ఉన్నదని తేల్చింది.

వ్యక్తిగత జీవితం, మరణం

1884లో టేలర్ లూయీజ్ స్పూనర్‌ను వివాహమాడాడు. వీరు ముగ్గురు పిల్లలను దత్తత తీసుకున్నారు. ఆటలలో టేలర్ దిట్ట. 1881లో క్లారెన్స్ క్లార్క్‌తో కలిసి అమెరికా జాతీయ టెన్నిస్ పోటీలలో మొట్టమొదటి పురుషుల డబుల్స్ విజేతగా నిలిచాడు. 1900 ఒలింపిక్ క్రీడలలో గోల్ఫ్ పోటీలో నాలుగవ స్థానం పొందాడు. అతని పేరు మీద నలభైకి పైగా పేటెంట్లు ఉన్నాయి.

న్యుమోనియాతో బాధపడుతూ, 59వ జన్మదినం గడచిన మరునాడు, 1915 మార్చి 21న ఫిలడెల్ఫియాలో మరణించాడు. పెన్సిల్వేనియాలోని బాలా కిన్‌విడ్‌లో ఉన్న వెస్ట్ లారెల్ హిల్ శ్మశానవాటికలో అతనిని ఖననం చేశారు.

ప్రభావం

టేలర్ సిద్ధాంతం అమెరికా సరిహద్దులు దాటి ఫ్రాన్సు, జపాన్, రష్యా మొదలైన దేశాలకు వ్యాపించింది. తొలుత దీనిని విమర్శించిన లెనిన్ 1918లో సోవియట్ పరిశ్రమలలో దీనిని అధ్యయనం చేయాలని కోరాడు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో వాణిజ్యశాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం చదివే విద్యార్థులకు శాస్త్రీయ నిర్వహణ ఒక పాఠ్యాంశం.

శిక్షణ ఫలితాలను కొలిచే ప్రయత్నాలు అతని తరువాత కూడా కొనసాగాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1940 - 1945 మధ్య, అమెరికా ప్రభుత్వం నిర్వహించిన పరిశ్రమాంతర్గత శిక్షణ కార్యక్రమం సూపర్‌వైజర్లకు పని నేర్పే విధానాన్ని నేర్పింది. 1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణను నాలుగు మెట్లలో అంచనా వేయాలని ప్రతిపాదించాడు. అవి నేర్చుకున్నవారి స్పందన, వారు పొందిన జ్ఞానం, పనిలో వచ్చిన మార్పు, సంస్థకు కలిగిన ఫలితం. తరువాతి కాలంలో శిక్షణ ఖర్చుతో లాభాన్ని పోల్చే లెక్క ఐదవ మెట్టుగా చేరింది.

ఈ కొలబద్దతో చూస్తే టేలర్ కృషి స్వరూపం స్పష్టమవుతుంది. పనిలో మార్పును అతడు రోజువారీ కాగితాలలో నమోదు చేశాడు. సంస్థకు కలిగిన ఫలితాన్ని టన్నుకు అయిన ఖర్చు రూపంలో చూపాడు. నేర్పడానికయ్యే వ్యయాన్ని లెక్కలో కలిపానని చెప్పాడు. మొదటి మెట్టయిన నేర్చుకున్నవారి స్పందనకు మాత్రం అతని పట్టికలలో చోటు లేదు. వాటర్‌టౌన్ కార్మికులు ఆ స్పందనను పని మానివేసి తెలియజేశారు.